మావాళ్ళందరూ బయటే

ఫైరింజను సందు మొదట్లోనే ఆగిపోయింది. ఎదురుగా అడ్డదిడ్డంగా నిలబెట్టిన లారీలు. అన్నీ ఆ పరుపుల ఫ్యాక్టరీవే. ప్రతి లారీ పక్కనా హాయిగా నిద్రపోతున్న పాపాయి బొమ్మ. ఆ బొమ్మల వెనక, ప్రహరీ గోడకి అవతల, నల్లటి పొగ సుడులు తిరుగుతూ లేస్తోంది. మిట్టమధ్యాహ్నం సందంతా మసక చీకటి కమ్మింది.

"హారన్ కొట్టు బాబాయ్!"

"కొడుతూనే ఉన్నానమ్మా. లారీల్లో మనుషులుంటేగా వినడానికి," అన్నాడు డ్రైవరు.

ఆమె తలుపు తోసుకుని కిందికి దూకింది. గొడ్డలి తిరగేసి ముందున్న లారీ అద్దం ఒక్క దెబ్బకి పగలగొట్టింది. లోపలికి చెయ్యి దూర్చి తలుపు తీసి, హ్యాండ్ బ్రేకు వదిలించి, "నెట్టండ్రా!" అని అరిచింది. లారీ తర్వాత లారీని కుర్రాళ్ళు భుజాలు ఆనించి గోడ వారకి నెట్టారు.

ఆమెని స్టేషన్లో ఎదురుగా అందరూ అక్క అంటారు. చాటుగా సూరేకారం అంటారు. ఆ సంగతి ఆమెకీ తెలుసు. ముక్కుమీద కోపం. జట్టుకి నాయకురాలయ్యాక అది ఇంకా ముదిరింది. పైవాళ్ళని నిలదీసినందుకు ఇప్పటికే చీవాట్లు తింది. మెకానిక్ పనిచేసే మొగుడు మాత్రం, "మా ఆవిడుండగా మా ఇంట్లో అగ్గిపెట్టె దండగ," అని నవ్వేస్తాడు.

ఈ లోకంలో ఆమె ఎప్పుడూ గట్టిగా ఒక్క మాట కూడా అనని మనిషి ఒకడే ఉన్నాడు. మరిది. ఆమె కాపురానికి వచ్చేనాటికి వాడికి లాగు జారిపోయే వయసు. తల దువ్విందీ, ఎక్కాలు చెప్పిందీ, వీడికి చదువెందుకు షాపులో కూర్చోబెడదాం అన్న ఇంట్లోవాళ్ళతో పోట్లాడి కాలేజీలో చేర్పించిందీ ఆమే. వాడు చదువు ముగించి ఈ పరుపుల ఫ్యాక్టరీలోనే భద్రతాధికారిగా కుదిరాడు. "నీకు పని లేకుండా చెయ్యడమే నా పని వదినా," అనేవాడు. ఆ మాట ఆమె స్టేషన్లో ఎంతమందితో చెప్పుకుని మురిసిపోయిందో.

గేటు దగ్గర తెల్ల హెల్మెట్ పెట్టుకుని ఎదురొచ్చింది వాడే. మొహంలో నెత్తురు చుక్క లేదు. చేతిలో ఫోను ఇంకా చెవి దగ్గరే ఉంది. ఆమెని చూడగానే జేబులో పెట్టేశాడు.

"ఎక్కడ అంటుకుంది?"

"గమ్ము కలిపే గదిలో వదినా. అక్కణ్ణుంచి స్పాంజి గోడౌనుకి పాకింది."

"లోపల ఎవరైనా ఉన్నారా?"

"లేరు. మావాళ్ళందరూ బయటే ఉన్నారు. నేనే లెక్కపెట్టుకున్నా."

"ఖాయమేనా?"

"ఖాయం వదినా."

ఇంకెవరైనా అయితే ఆమె గుచ్చి గుచ్చి అడిగేది. వాచ్‌మన్ని వేరే అడిగేది, మేస్త్రీని వేరే అడిగేది, ఇద్దరి మాటా కలిసిందాకా వదిలేది కాదు. చెప్పింది మరిది కాబట్టి తలూపింది.

లోపల మనుషుల్లేనప్పుడు చెయ్యాల్సిన పని వేరు. స్పాంజి కాలితే వచ్చే పొగ రెండు గుక్కలు పీల్చినా మనిషి మిగలడు. పైకప్పు రేకులు అప్పటికే వంకర్లు తిరుగుతున్నాయి. కాలిపోయే సరుకు కోసం కుర్రాళ్ళని ఆ కొలిమిలోకి తోసే పిచ్చిది కాదామె. "ఎవరూ లోపలికి అడుగుపెట్టొద్దు. గమ్ము పీపాలున్న షెడ్డు తడపండి. ఆ పక్క ఇళ్ళ గోడలు తడపండి," అని చెప్పింది. మరిది మాట నిజమైతే అది నూటికి నూరుపాళ్ళు సరైన నిర్ణయం.

ఆవరణలో నీళ్ళ కొళాయి స్తంభం ఎర్రగా నిగనిగలాడుతోంది. పొడుగోడు అని పిలిచే కుర్రాడు పరిగెత్తి దానికి గొట్టం బిగించి చక్రం తిప్పాడు. స్తంభం గరగరమని, తుప్పు నీళ్ళు పుక్కిలించి ఉమ్మి, ఊరుకుంది.

సూరేకారం మరిది వైపు తిరిగింది. "ఇదేంట్రా?"

"మొన్ననే... రంగు వేయించాం వదినా."

"రంగుతో ఆర్పమంటావా?"

ఆమెకి ఆగి తిట్టే తీరిక లేదు. ట్యాంకర్ల కోసం కబురు పెట్టి, ఉన్న నీళ్ళే పొదుపుగా కొట్టించింది. ఆ స్తంభం చూసినప్పుడే తనకి అనుమానం రావాల్సింది కదా అని ఆ తర్వాత ఎన్నోసార్లు అనుకుంది. పొడి స్తంభానికి ఎర్ర రంగు పూసి నిలబెట్టినవాడు ఇంకేం చెప్పినా నమ్మొచ్చా?

పీపాల షెడ్డు కొంచెం చల్లబడుతుండగా అంబులెన్సు నర్సు పరిగెత్తుకుంటూ వచ్చింది. భారీ మనిషి. ఆవిడ పరిగెత్తడం సూరేకారం అదివరకెప్పుడూ చూడలేదు. ఒక చేత్తో బక్కపల్చటి ఆడమనిషిని పట్టుకుని దాదాపు ఈడ్చుకొస్తోంది. ఆ మనిషి మొహం, మెడ, రవిక, అంతా మసి. నోరు తెరిస్తే మాటకి బదులు దగ్గు వస్తోంది.

"అక్కా, ఈవిణ్ణి గేటు దగ్గర సెక్యూరిటీవాళ్ళు పట్టుకుని ఆపేశారు. ఏదో చెప్పాలని గింజుకుంటుంటే, గొడవ చెయ్యొద్దు పో అని లారీల అవతలికి తోసేశారట. పొగకి గొంతు పోయింది. ఏం చెప్తోందో నువ్వు విను," అంది నర్సు రొప్పుతూ.

సూరేకారం ఆ మనిషి నోటి దగ్గర చెవి పెట్టింది.

"పైన... పైన ఉన్నారమ్మా. కవర్లు కుట్టేవాళ్ళం. నేను మంచినీళ్ళకి కిందికొచ్చా... మిగతా పదిమందీ పైనే."

"పైన ఏముంది? అది గోడౌనే కదా?"

ఆ మనిషి తల అడ్డంగా ఊపి, రెండు చేతులతో కుట్టుమిషను తొక్కుతున్నట్టు చూపించి, రేకుల కప్పు వైపు వేలు చాపింది.

సూరేకారం మెల్లగా తల తిప్పి మరిదిని చూసింది. వాడు కళ్ళు దించేశాడు. 

"ఒరేయ్. పైన మనుషులున్నారా?"

"వదినా... అది... వాళ్ళు మావాళ్ళు కాదు."

"ఏంటీ?"

"కాంట్రాక్టరు తెచ్చిన మనుషులు. మా హాజరులో ఉండరు. మీరు అడిగితే నేను మావాళ్ళ సంగతే కదా చెప్పా. మావాళ్ళు బయటే..."

మీరు అన్నాడు. పుట్టి బుద్ధెరిగాక వాడు వదినని మీరు అనడం అదే మొదటిసారి. ఆమె అరవలేదు. కోపం హద్దు దాటితే అరుపు రాదని ఆమెకి ఆ రోజే తెలిసింది.

"దారి చెప్పు."

"లోపలి మెట్లు ఇప్పటికి అంటుకునే ఉంటాయి. వెనక గోడకి మూటలు దింపే తలుపొకటుంది. బయటినుంచి రేకు కొట్టేశాం."

"రేకెందుకు కొట్టారు?"

"పైన గదికి అనుమతి లేదు. తనిఖీకి వచ్చేవాళ్ళకి అక్కడ గది ఉన్నట్టు తెలియకూడదని సార్..."

మిగతాది వినకుండా ఆమె పరిగెత్తింది.

వెనక గోడకి నిచ్చెన వేశారు. పొడుగోడు కోత మిషనుతో రేకు చీలుస్తుంటే, సందు దొరికిన చోటల్లా పొగ పిచ్చెత్తినట్టు బయటికి ఉరికింది. సూరేకారం మాస్కు బిగించి ముందు దూరింది. వెనకాలే పొడుగోడు. కింద బాబాయ్ ఇంకో ఇద్దరితో గొట్టం పట్టుకుని నిలబడ్డాడు.

లోపల చెయ్యి చాపితే చెయ్యి కనపడదు. నేలకి కడుపు ఆనించి పాకింది. ముందు కుట్టుమిషను కాలు తగిలింది. తర్వాత ఇంకోటి. ఆ వరసలోనే పట్టుకుని వెళ్తే కత్తిరింపు బల్ల, దాని కింద ఒక పాదం. పాదం కదిలింది. బల్ల కింద ఒకరి మీద ఒకరు పడి ఆడవాళ్ళు, నోళ్ళకి తడిగుడ్డలు అదుముకుని. తెలివైన పని చేశారు తల్లీ, అనుకుంది. మొదటి మనిషి చంకల్లో చేతులు దూర్చి లాగింది. పొడుగోడు అందుకుని తలుపు దగ్గరికి చేర్చాడు. బాబాయ్ కిందికి దించాడు. మళ్ళీ పాకింది. మళ్ళీ లాగింది. ఒక పిల్ల స్పృహలోనే ఉండి, ఆమె మెడ పట్టుకుని వదల్లేదు. "వదులు తల్లీ, మీవాళ్ళ కోసం మళ్ళీ వెళ్ళాలి," అని మాస్కులోంచే అరిచింది. ఆ పిల్లకి వినపడిందో లేదో గాని చేతులు సడలించింది.

పైన రేకులు ఫెళఫెళమంటున్నాయి. బాబాయ్ కింద విజిల్ ఊదుతున్నాడు. బయటికి వచ్చెయ్యమని. లెక్క ప్రకారం ఇంకా ముగ్గురున్నారు. వాళ్ళు లోపలి మెట్ల తలుపు దగ్గర దొరికారు. అటునుంచి బయటపడొచ్చని వెళ్ళి ఉంటారు. తలుపు చెయ్యి పెట్టలేనంతగా కాలుతోంది. ముగ్గుర్నీ బయటికి తెచ్చారు. తెచ్చిన కాసేపటికే కప్పు కూలింది.

ఆ ముగ్గురూ బతకలేదు. చివర తను మోసుకొచ్చినావిడ గుండెని నర్సు రెండు చేతులతో నొక్కుతూనే ఉంది. నొక్కి నొక్కి, ఆపి, తలెత్తి చూసింది. చనిపోయినావిడ మెళ్ళో కొలత టేపు ఇంకా వేలాడుతూనే ఉంది.

సూరేకారం గోడకి ఆనుకుని నీళ్ళు తాగుతుంటే అవతల నుంచి ఓ గంభీరమైన గొంతు వినిపించింది. ఫ్యాక్టరీ యజమాని వచ్చాడు. మడత నలగని చొక్కా. చుట్టూ టీవీవాళ్ళ మైకులు.

"ఇది చాలా దురదృష్టకరం. కానీ మా సిబ్బందిలో ఒక్కరికి కూడా చిన్న గాయం కాలేదని చెప్పడానికి..."

నీళ్ళ సీసా ఎక్కడ పడేసిందో ఆమెకే తెలీదు. బాబాయ్ వెనకనుంచి నడుం పట్టీ పట్టుకున్నాడు. "వద్దమ్మాయ్. నువ్వు చెయ్యి చేసుకుంటే రేపు వార్త నువ్వవుతావు, వీడు కాదు."

"చెయ్యి చేసుకోను, వదులు బాబాయ్."

నేరుగా వెళ్ళి మైకుల మధ్య, యజమాని పక్కన నిలబడింది. మసి, చెమట, కాలిన స్పాంజి కంపు. ఆయన అరడుగు జరిగాడు.

"వెనక గోడ దగ్గర ముగ్గురు ఆడవాళ్ళు పడుకుని ఉన్నారు," అంది. "ఇక లేవరు. వాళ్ళు ఎవరి సిబ్బందో చెప్పండి సార్. ఆకాశంలోంచి ఊడిపడ్డారా? మీ పరుపులు కుడుతూ చచ్చిపోయారు. ఆ పరుపుల మీద పడుకునేవాళ్ళు వింటున్నారు, చెప్పండి."

యజమాని మొహం మాడిపోయింది. "విచారణ జరుగుతుంది," అని గొణిగి కారెక్కాడు. అధికారులు ఆమెని పక్కకి పిలిచి, నీ పని మంటలార్పడం, మాట్లాడటం కాదు అన్నారు. ఆమె గొట్టాలు చుట్టించడానికి వెళ్ళిపోయింది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి మరిది వెనకగదిలో మంచం మీద ముడుచుకుని ఉన్నాడు. అత్తగారు గుమ్మంలో అడ్డంగా కూర్చుంది, పిల్లని కాపలా కాసే కోడిలాగ.

"ఏమే, వాడసలే బెదిరిపోయి ఉన్నాడు. నువ్వు మీద పడకు."

"పడనత్తయ్యా. పక్కకి జరగండి."

వాడు లేచి కూర్చున్నాడు. కళ్ళు ఉబ్బిపోయాయి. "వదినా, సార్ తరఫు లాయరు మాట్లాడాడు. రేపోమాపో విచారణ పెడతారట. నువ్వేం అబద్ధం చెప్పక్కర్లేదు. ఆ గోలలో నేను చెప్పింది నీకు సరిగా వినపడలేదని అంటే చాలు. పైన మనుషులున్నారని నేను చెప్పాననీ, నువ్వే వినిపించుకోలేదనీ..."

"నేను వినిపించుకోలేదా?"

"మాటవరసకి వదినా. నీకేం కాదు. మీ డిపార్టుమెంటు చూసుకుంటుంది. నేనైతే జైలుకి పోతాను."

ఆమెకి నవ్వొచ్చింది. నవ్వుతున్నందుకు ఇంకా మండింది. "ఎంత చక్కగా ఆలోచించారురా! మధ్యాహ్నం ఆ పదిమందినీ లెక్కలోంచి తీసేశారు. ఇప్పుడు నన్ను తీసేస్తున్నారు. రేపు ఇంకెవర్ని తీసేస్తారు? మీ అమ్మనా?"

"వాడు నీ చేతుల్లో పెరిగినవాడే!" అంది అత్తగారు ఏడుస్తూ. "నీకు కొడుకులాంటివాడు. వాడి నోటి దగ్గర కూడు తీస్తావా?"

"నా చేతుల్లో పెరిగాడు కాబట్టే నమ్మానత్తయ్యా! ఇంకెవడు చెప్పినా ఎదురడిగేదాన్ని. వీడు చెప్పాడని నోరు మూసుకున్నా. నేను ఎదురడిగి ఉంటే ఆ ముగ్గురూ ఈ పూట ఇళ్ళల్లో ఉండేవాళ్ళేమో. ఆ మాట నేను చచ్చేదాకా మొయ్యాలి. వీడు నా నెత్తిన పెట్టిన బరువది."

మొగుడు పెరట్లో చేతులకంటిన గ్రీజు కడుక్కుంటున్నాడు. గొంతెత్తి ఎరగని మనిషి. గుడ్డతో చేతులు తుడుచుకుంటూ లోపలికొచ్చి, తమ్ముడి కేసి చూడకుండానే, "వాడు నా తమ్ముడే. కాదనను. కానీ ఈ పూట వాడి పక్కన కూర్చుని నేను భోంచెయ్యలేను," అని షాపుకి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే ఆమె వెనకగది తలుపు తట్టింది. "చొక్కా వేసుకో. ఆసుపత్రికి వెళ్దాం."

"నేనెందుకు వదినా?"

"నువ్వెందుకో అక్కడికొస్తే తెలుస్తుంది."

వార్డులో వరసగా మంచాలు. ఆక్సిజన్ గొట్టాలు. చివరి మంచం మీద, నీళ్ళకి కిందికొచ్చి బతికిపోయిన ఆ బక్కమనిషి ఉంది. మరిదిని చూడగానే ఆవిడ ఏం చేసిందంటే, మోచేతుల మీద ఆనుకుని లేవబోయింది. పై అధికారి వచ్చాడు కదా, పడుకుని ఉండకూడదని.

"సార్... మీరొచ్చారా," అంది గొంతులో గరగరతో.

సూరేకారానికి గుండెల్లో ఏదో భగ్గుమంది. నిన్నటి మంట అంతా ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. "పడుకోమ్మా. ఈయన కోసం లేవక్కర్లేదు," అంది.

"లేదమ్మా, సార్ మంచివారు. మా చిన్నదానికి జ్వరమంటే మాత్రలు తెచ్చిచ్చారు. పైకొస్తే మా అందర్నీ పేరుపేరునా పలకరించేవారు. పోయిన మా వదినకి కూడా..." దగ్గు తెరలో మాట మునిగిపోయింది.

మరిది మొహం చేతుల్లో కప్పుకుని ఏడవసాగాడు. ఆవిడ కంగారుపడి, చెయ్యి చాపి, "ఊరుకోండి సార్, ఊరుకోండి," అంటోంది. సూరేకారం వాడి రెక్క పుచ్చుకుని వరండాలోకి లాక్కొచ్చింది.

"ఏడవకు. ఆవిడ ముందు ఏడ్చే హక్కు నీకు లేదు. తన వదిన పోయి ఆవిడుంటే, నిన్ను ఓదార్చే పని కూడా ఆవిడ మీదే పెడతావా?"

"వదినా..."

"పేర్లు తెలుసా నీకు? వాళ్ళందరి పేర్లూ తెలుసా?"

"తెలుసు."

"తెలిసే చెప్పావా, ఎవరూ లేరని?"

వాడు గోడకి జారగిలబడ్డాడు. "సార్ ఫోన్లో ఉన్నారు. పైన సంగతి బయటపడితే అందరం పోతామన్నారు. కాంట్రాక్టరు చూసుకుంటాడు, వాళ్ళీపాటికి దిగిపోయుంటారు అన్నారు. నేను... దిగిపోయుంటారనే అనుకున్నా. అనుకోవాలనుకున్నా."

చిన్నప్పుడు జామకాయలు దొంగిలించి దొరికిపోయినప్పుడు కూడా వాడు ఇలాగే గోడకి జారగిలబడేవాడు. ఆ రోజుల్లో ఆమె తల నిమిరి లోపలికి తీసుకెళ్ళేది. ఇప్పుడు వాణ్ణి అక్కడే వదిలేసి మెట్లు దిగి డ్యూటీకి వెళ్ళిపోయింది.

విచారణ ఒక పాత ఆఫీసు గదిలో జరిగింది. ముందు ఆమెని పిలిచారు. తను ఏం అడిగిందో, మరిది ఏం చెప్పాడో అక్షరం పొల్లుపోకుండా చెప్పింది. "ఇంకోసారి అడగాల్సింది. అడగలేదు. చెప్పింది మావాడని," అని కూడా చెప్పింది.

లాయరు సన్నగా నవ్వాడు. "అంటే ఇది కుటుంబ తగాదా అన్నమాట. మరిది మీద వదిన కక్ష."

"మా కుటుంబం సంగతి మేం చూసుకుంటాం. మీరు ఆ ముగ్గురి కుటుంబాల సంగతి చెప్పండి," అంది. బల్ల మీద ఆమె పిడికిలి చూసి లాయరు కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

తర్వాత మరిది వంతు. లాయరు తలుపు దగ్గర వాడి చెవిలో ఏదో గుర్తుచేసి పంపాడు. వాడు నిలబడ్డాడు. లాయరు వైపు చూడకుండా బల్ల అంచు పట్టుకున్నాడు. "వదిన అడిగింది," అన్నాడు. "రెండుసార్లు అడిగింది. ఎవరూ లేరని నేనే చెప్పా. పైన మనుషులున్నారని నాకు తెలుసు. సార్‌కీ తెలుసు. రేకు కొట్టించింది కూడా నేనే, సార్ చెప్తే." లాయరు లేచి ఏదో అంటున్నా ఆగకుండా, పైన పనిచేసినవాళ్ళ పేర్లన్నీ చెప్పుకుంటూ పోయాడు, బతికినవాళ్ళవీ, పోయినవాళ్ళవీ.

యజమానిని అరెస్టు చేశారు. ఛాతీలో నొప్పన్నాడు, ఆసుపత్రి గదిలో ఉన్నాడు, అట్నుంచి అటే బెయిలు తెచ్చుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. మరిది లోపలే ఉండిపోయాడు. వాడికి నొప్పులు రాలేదు. అత్తగారు కోడలితో మాటలు మానేసి కూతురింటికి వెళ్ళిపోయింది. టీవీల ముందు నోరు పారేసుకున్నందుకు సూరేకారానికి సంజాయిషీ కాగితం వచ్చింది. దానికి ఆమె రాసిన జవాబు చదివి, ఇది పైకి పంపితే కాగితం అంటుకుంటుందమ్మా అన్నాడు బాబాయ్. అయినా పంపింది.

మరిది బెయిలు మీద వచ్చిన రోజు ఆమె యూనిఫాంలో, బయల్దేరడానికి సిద్ధంగా ఉంది. వాడు చిక్కి సగమయ్యాడు. గుమ్మం అవతలే నిలబడ్డాడు. లోపలికి రమ్మని ఆమె అనలేదు. తలుపు మాత్రం తెరిచే ఉంచింది.

"ఇంకా కోపమేనా వదినా?"

"నీ ఒక్కడి మీదే అయితే ఈపాటికి చల్లారేదిరా."

వాడు వీధి వైపు చూపిస్తూ, "వస్తూ వస్తూ ఫ్యాక్టరీ మీదుగా వచ్చా," అన్నాడు. "కొత్త రేకులు వేస్తున్నారు. పైన మళ్ళీ గది లేపుతున్నారు వదినా. అలాగే. కిటికీల్లేకుండా. తనిఖీ ఆఫీసుకి వెళ్ళి చెప్పా. నువ్వెవరు చెప్పడానికి, ముద్దాయివి కదా అని వెళ్ళగొట్టారు."

ఆమె బూట్ల తాడు బిగిస్తూ ఆగిపోయింది. మెడ దగ్గర నరం ఉబ్బింది. లేచి, టోపీ పెట్టుకుని, వాణ్ణి దాటుకుని వీధిలోకి దిగింది.

"ఏ గదిలో కూర్చుంటాడు వాడు? నిన్ను వెళ్ళగొట్టినవాడు?"

"మేడ మీద, మొదటి గది."

"పద, చూపించు."

వాడు పక్కన నడవబోయాడు. ఆమె అడుగు తగ్గించలేదు. వెనకాలే పరుగులాంటి నడకతో వాడు, ముందు ఆమె, ఆఫీసు తలుపులు ఇంకా తెరవని వేళకే ఆ మెట్ల మీదికి చేరుకున్నారు. సూరేకారం పిడికిలి బిగించి తలుపు బాదడం మొదలుపెట్టింది.